చిలకల కొండ మీది చేతులు

విజయవాడ వచ్చినవాళ్లెవరైనా చిలకల కొండను కిందినుంచే చూస్తారు. రైలు కృష్ణ దాటి ఊళ్లోకి వస్తుంటే కిటికీలోంచి తల తిప్పి, "అమ్మో, అంత ఎత్తున ఎట్లా ఉంటారో!" అని ఓ మాట అనేసి మళ్లీ పులిహోర పొట్లంలో పడిపోతారు. ఫోటోలు తీసేవాళ్లదీ అదే తంతు. నదికి అవతలి ఒడ్డున, మిట్టమధ్యాహ్నం నిలబడి ఒకటి లాగుతారు. అందులో రేకులుంటాయి, నీళ్ల డ్రమ్ములుంటాయి, ఆరేసిన లుంగీలుంటాయి. మనుషులు మాత్రం ఉండరు. అంత దూరానికి కనపడరు కదా మరి! ఆ ఫోటో కింద "నగరానికి మచ్చ" అని అచ్చేసి చేతులు దులుపుకుంటారు.

ఆ కొండ మీద, నూట తొంభయ్యో మెట్టు దగ్గరున్న ఇంట్లో పుట్టింది సువార్త. అక్కణ్ణుంచే రోజూ దిగి బడికెళ్లింది, కాలేజీకెళ్లింది, భౌతికశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకుంది. ముప్పై నాలుగేళ్లొచ్చాక కూడా అక్కణ్ణుంచే దిగి ల్యాబుకు వెళ్తోంది. "కింద మంచి ఫ్లాటు తీసుకోవచ్చు కదా" అని అడిగినవాళ్లకు ఆమె చెప్పే జవాబు ఒకటే. "మా నాన్న దిగడండీ."

నాన్న ఏసోబు ముప్పై ఒక్క ఏళ్లపాటు ఆ కొండ మీదికి గ్యాస్ బండలు మోశాడు. ఆరేళ్ల కింద నీటికాసులొచ్చి రెండు కళ్లూ పోయాయి. పోతే పోయాయి, ఆయన నడక మాత్రం పోలేదు. మెట్ల పక్కనున్న గోడ మీద చెయ్యి వేసి, పొద్దున టీకి దిగి, పదింటికి ఎక్కి, సాయంత్రం కబుర్లకు దిగి, దీపాల వేళకు ఎక్కేవాడు. కర్ర పట్టుకోమంటే కోపం. "ఈ గోడకు నేను తెలుసే. నాకు గోడ తెలుసు. మధ్యలో కర్రెందుకు?" అనేవాడు.

ఆ కొండకు ఒక కట్టుబాటుంది. ఖాళీ చేతుల్తో ఎవరూ మెట్లెక్కకూడదు. మొదటి మెట్టు పక్కన ఒక అరుగు ఉంటుంది. బియ్యం బస్తా, మంచినీళ్ల క్యాను, ఉల్లిపాయల సంచి, ఎవరి సరుకు వాళ్లు అక్కడ దించి, దాని మీద సుద్దముక్కతో మెట్టు నంబరు వేసి వెళ్లిపోతారు. పైకి వెళ్లేవాడెవడైనా అందులో ఒకటి ఎత్తుకుని ఆ నంబరు గుమ్మంలో దించి పోవాలి. ఎవరిదని అడగరు. థాంక్సు చెప్పరు. ఏసోబు బండలు మొయ్యడం మానేశాక కూడా చేతిలో ఒక కొత్తిమీర కట్టయినా లేకుండా ఎప్పుడూ పైకి రాలేదు.

ల్యాబులో సువార్త, ఆమె గురువు నాగభూషణం గారు కలిసి ఏడేళ్లుగా ఒక గాజు ప్లేటుతో కుస్తీ పడుతున్నారు. మనిషి చెయ్యి తగిలిన ప్రతిచోటా, రాయి కానీ కర్ర కానీ సున్నం కానీ, కొలతకు అందనంత చిన్న విద్యుత్తు ఒకటి ఇంకిపోయి ఉంటుందని ఆయన వాదన. ఎవరూ నమ్మలేదు. ఒకరోజు మధ్యాహ్నం సువార్త ఊదారంగు దీపాన్ని స్టోర్‌రూమ్ తలుపు మీదికి తిప్పి, ఎదురుగా ప్లేటు పెట్టి పది నిమిషాలు ఆగింది. ప్లేటు కడిగి చూస్తే తలుపు గొళ్లెం చుట్టూ నారింజరంగులో ఒక వెలుగు పూసి ఉంది. అది రోజూ ఆ తలుపు తీసే అటెండరు పోతురాజు చెయ్యి. పక్కనే సన్నగా ఆకుపచ్చ, అది నాగభూషణం గారిది. ఒక్కో మనిషి చేతికి ఒక్కో రంగు. చెయ్యి పడని చోటంతా నలుపు.

ఆ వారమంతా ఇద్దరూ చిన్నపిల్లలైపోయి దీపం పట్టుకుని ఊరంతా తిరిగారు. పట్టపగలైనా ఆ ప్లేటుకు ఇబ్బంది లేదు. వచ్చినవాళ్లంతా మెచ్చుకునే నదీతీరపు కొత్త పార్కు ఫోటో తీస్తే ప్లేటంతా నల్లగా వచ్చింది. సెల్ఫీలు దిగే కమ్మీ దగ్గర మాత్రం కాస్త రంగు. ముక్కు మూసుకుని దాటే పాత మార్కెట్లో ఒక ఉల్లిపాయల కొట్టు చెక్కను ఫోటో తీస్తే, రంగుల మీద రంగులు పొర్లి కళ్లు జిగేలుమన్నాయి.

"ఇన్నాళ్లూ అందరూ ఊరి మొహం ఫోటో తీశారమ్మా. మనం అరచెయ్యి తీస్తున్నాం!" అన్నాడు నాగభూషణం గారు. ఆ సంతోషంలో ఆయన ఆ పూట భోజనం చెయ్యడం కూడా మర్చిపోయాడు.

అంతకుముందు, గొళ్లెం ఫోటో తీసిన మర్నాడే, పోతురాజు స్టోర్‌రూమ్ ముందు నిలబడి తడుముకున్నాడు. ఇరవై రెండేళ్లుగా పేపరు చదువుకుంటూ, అటు చూడకుండానే తీసే తలుపు అది.

"ఈ గొళ్లెం మార్చారా మేడమ్? కొత్తగా ఉందేంటి?" అన్నాడు.

"రాత్రి నిద్ర చాల్లేదేమో" అని నవ్వేసింది సువార్త. ఆ నవ్వు తర్వాత ఆమెకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఆమెకు మనసులో ఒక కోరిక ఉంది. అమ్మ మరియమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. పొద్దున్నే గుమ్మం పట్టుకుని నిలబడి, మెట్లు దిగుతున్న కూతురు కనుమరుగయ్యేదాకా చూసేది. ఆ గుమ్మం మీద అమ్మ చెయ్యి ఇంకా ఉంటుందా? శనివారం దీపం ఇంటికి తెచ్చి, నాన్న టీకి దిగాక గుమ్మం ఫోటో తీసింది. ప్లేటు మీద ఇరుగుపొరుగు రంగులెన్నో వచ్చాయి, ఆమె కళ్లు మాత్రం రెండింటి మీదే నిలిచాయి. నాన్నది ముదురు నీలం. దానిలో కలిసిపోయి, మనిషి భుజమంత ఎత్తున, లేత పసుపు. సువార్త ఆ ప్లేటును ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నాన్న రాగానే చెప్పాలని ఎదురుచూసింది.

ఏసోబు చేతిలో అరటిపళ్ల సంచితో పైకొచ్చాడు. అలవాటుగా గుమ్మం మీద చెయ్యి వేశాడు. ఆగిపోయాడు. చేతిని తీసి మళ్లీ వేశాడు.

"ఎవరిల్లమ్మా ఇది?" అన్నాడు లోపలికి. "తప్పొచ్చినట్టున్నాను. ఏమీ అనుకోవద్దు." వెనక్కి తిరిగాడు.

"నాన్నా! నేనే నాన్నా, మన ఇల్లే!" అని సువార్త పరిగెత్తి చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లుగా తనదైన గుమ్మంలో ఆయన చుట్టంలా, ఒదిగి నిలబడ్డాడు.

అప్పుడర్థమైంది ఆమెకు. ఆ దీపం చేతుల గుర్తుల్ని చూపించడం లేదు, రాయిలోంచి, కర్రలోంచి లాగేసుకుంటోంది. ప్లేటు మీదికి వచ్చింది ఇక అక్కడ ఉండదు. అదుంటేనే మన చెయ్యి మన చోటును గుర్తుపడుతుందని ఎవరికి తెలుసు? ఏసోబుకు తన గుమ్మం తనదని మళ్లీ అనిపించడానికి పదకొండు రోజులు పట్టింది. అమ్మ పసుపు మాత్రం ఇక ఆ గుమ్మానికి రాదు. ఆ మాట నాన్నకు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

సరిగ్గా అప్పుడే కొండకు నోటీసు వచ్చింది. నగర సుందరీకరణ మండలివాళ్లు చిలకల కొండను ఖాళీ చేయించి, తోట వేసి, రంగు దీపాలు పెడతారట. జనానికి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఫ్లాట్లట. అభ్యంతరాలుంటే నెలలోగా విచారణలో చెప్పుకోవచ్చట. నోటీసు మీద అదే ఫోటో, నది అవతలినుంచి తీసిన రేకులు, డ్రమ్ములు.

నాగభూషణం గారు అది చూసి కుర్చీలోంచి లేచాడు. "ఇంకేం కావాలి సువార్తా! కొండంతా మన ప్లేటు మీదికి ఎక్కించు. ఆ ఫోటో పక్కన ఈ ఫోటో పెడదాం. ఆ తర్వాత మచ్చ అనమను చూద్దాం."

"సార్, మెట్ల గోడంతా తీస్తే మా నాన్న కొండ దిగలేడు. ఎక్కలేడు. పడిపోతాడు సార్" అంది. గుమ్మం దగ్గర నాన్నకు జరిగింది చెప్పింది.

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఏడేళ్ల పని అది, తన జీవితంలో మిగిలిన ఒకే ఒక్క ఆశ. అయినా చివరికి "ఇది నేను చెప్పాల్సిన మాట కాదమ్మా. నీ ఇష్టం" అన్నాడు.

తియ్యకూడదనే సువార్త తీర్మానించుకుంది. కొండ మీద ఎవరికీ చెప్పలేదు. కాయితాలు, సంతకాలు, కోర్టు, ఇంకేదైనా దారి దొరక్కపోతుందా అని తిరిగింది. ఏ దారీ దొరకలేదు. వెళ్లిన ప్రతి ఆఫీసులోనూ ఆ ఫోటో చూసి "ఇలాంటి చోట ఎలా ఉంటున్నారండీ పాపం" అని జాలిపడి పంపేశారు.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న, మస్తానమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. మస్తానమ్మది నూట అరవయ్యో మెట్టు. ముగ్గురు పిల్లల్ని, కొండ మీది సగం మందిని చేతుల మీద పెంచిన మనిషి. ఆమె మాటకు కొండంతా కట్టుబడి ఉంటుంది.

"మీ సారు ఫోన్ చేశాడే. నువ్వు ల్యాబుకు రాలేదని" అన్నాడు ఏసోబు. "నేనే అన్నీ అడిగా. పాపం ఆయనకు అబద్ధం చేతకాదు, మొత్తం చెప్పేశాడు."

సువార్త చెప్పులు విప్పలేదు. అక్కడే నిలబడిపోయింది.

"ఇంత యంత్రం చేతిలో పెట్టుకుని కాయితాలు మోసుకు తిరుగుతావా? చదువుకున్నదానివేనా నువ్వు?" అంది మస్తానమ్మ.

"అత్తా, తీస్తే మీ అందరికీ మీ ఇళ్లే కొత్తవైపోతాయి. మీకైతే కళ్లున్నాయి, నాలుగు రోజుల్లో సర్దుకుంటారు. నాన్నకు ఆ గోడే కళ్లు."

"గోడ ఉంటే కదే!" అన్నాడు ఏసోబు. "రేపొద్దున బుల్డోజరొచ్చి కూలగొడితే నా గుర్తులు ఏడుంటాయి? ఆ ఫ్లాట్ల లిఫ్టులో ఉంటాయా?"

సువార్త ఇన్నాళ్లూ దాచుకున్న మాట బయటికొచ్చేసింది. "అమ్మ చెయ్యి పోయింది నాన్నా. ఈ గుమ్మం మీద అమ్మది ఉంది. నేను ఫోటో తీసి చెరిపేశాను."

చిక్కుడుకాయ ఒలుస్తున్న ఆయన వేళ్లు ఆగాయి. మస్తానమ్మ తల దించుకుంది. ఏసోబు ముక్కు చీదుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మ గోడల్లో, గుమ్మాల్లో లేదే పిచ్చిదానా. ఉంటే ఈ తొమ్మిదేళ్లలో నన్ను ఒక్కసారైనా తిట్టుండేది కాదూ? ఆదివారం తియ్యి. నేనెట్టాగో తంటాలు పడతాలే."

ఆదివారం ప్రార్థన అయ్యాక, కొండంతా మెట్ల మీదికి వచ్చింది. ఏమవుతుందో మస్తానమ్మ ఇంటింటికీ తిరిగి ముందే చెప్పేసింది. వద్దన్నవాళ్లు లేరు. భయపడ్డవాళ్లున్నారు. దీపం తమ గుమ్మం దగ్గరికి వచ్చేముందు ఒక్కొక్కరూ గోడ తట్టి, తలుపు నిమిరి పక్కకు తప్పుకున్నారు. ఏసోబు అందరికన్నా ఆఖరున వచ్చాడు. కిందినుంచి పైదాకా గోడ మీద చెయ్యి వేసి, ఒక్కో మెట్టు దగ్గరా ఒక్క క్షణం ఆగుతూ నడిచాడు. సువార్త చేతిలో దీపం పట్టుకుని, ఆయన పైకి చేరేదాకా ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. తర్వాత దీపం వెలిగించింది.

విచారణ గురువారం. మండలి హాల్లో ఒక గోడకు వాళ్ల ఫోటో, ఎదురుగోడకు సువార్త పెట్టిన మూడు ఫోటోలు. అది ఏ చోటో, ఒక్కో రంగు ఒక్కో మనిషి చెయ్యని, కింద చీటీలు రాసి పెట్టింది. అధ్యక్షులవారు ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకుని మొదటిదాని దగ్గరకు వెళ్లారు. అది నదీతీరపు పార్కు అని చెబితే నమ్మలేదు. రెండోది ఊళ్లో పేరున్న ఒక కాలనీ వీధి. నల్లటి పలక మీద అక్కడక్కడా గేట్లు.

"ఇది మా వీధిలా ఉందే. ఇదిగో, మా గేటు. రెండే రంగులున్నాయేంటమ్మా?"

సువార్త కంగుతింది. అది ఆయన వీధి అని ఆమెకు తెలియదు. "ఒకటి గేటు తీసే వాచ్‌మన్‌ది అయ్యుండొచ్చు సార్. రెండోది పాలప్యాకెట్లు వేసేవాళ్లదేమో."

హాలంతా గొల్లుమంది. ఆయనా నవ్వబోయి, ఎందుకో మధ్యలోనే ఆగిపోయి మూడోదాని వైపు తిరిగారు. అది చిలకల కొండ. నలుపన్నది ఎక్కడా లేదు. మెట్ల గోడ కొండ కింది నుంచి పైదాకా రంగుల్లో మునిగిపోయి ఉంది. గుమ్మాలు అంతకన్నా ఎక్కువ. ఒక్కో గుమ్మం మీద నలభై, యాభై రంగులు.

"ఒక ఇంట్లో యాభైమంది ఉంటారా?" అని అడిగారు.

"ఉండరండీ. నలుగురుంటారు" అంది మస్తానమ్మ లేచి. సామాన్లు దించే అరుగు సంగతి, మెట్టు నంబర్ల సంగతి చెప్పింది. "మా ఇళ్లకు మా సరుకు మేం తెచ్చుకోమండీ. ఎవరో ఒకరు తెస్తారు. మేం ఇంకొకళ్లకు తీసుకెళ్తాం. అందుకే అన్ని చేతులు."

ఆయన ఫోటోకు మొహం ఆనించి చూస్తున్నారు. "మరి ఈ ముదురు నీలం? ప్రతి గుమ్మం మీదా ఉందే ఇది. ఒక్కటి కూడా వదల్లేదు."

ఆ సంగతి సువార్త కూడా ఫోటో కడిగినప్పుడే చూసింది.

మస్తానమ్మ వెనక బెంచీ వైపు చెయ్యి చూపింది. "అది మా ఏసోబన్న చెయ్యండీ. ముప్పై ఏళ్లు మా అందరి పొయ్యి వెలిగించాడు. మొన్న ఆదివారం దాకా ఆ కొండంతా తడుముకోకుండా తిరిగేవాడు. మీకు ఈ ఫోటో చూపించడానికి ఆ గుర్తులన్నీ ఇచ్చేశాడు. ఇప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చాడు, చూడండి."

అందరూ వెనక్కి తిరిగారు. తననే చూస్తున్నారని తెలియక ఏసోబు చొక్కా పైగుండీ పెట్టుకుంటున్నాడు. అధ్యక్షులవారు బెంచీ దాకా నడిచి వెళ్లి, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

మూడు వారాల తర్వాత చిలకల కొండ పేరు ఖాళీ చేయించే జాబితాలోంచి పోయింది. తోటకు బదులు మురుగుకాలవ, మెట్లకు కమ్మీలు వేస్తామన్నారు. ఎప్పుడు వేస్తారో ఆ దేవుడికి తెలియాలి. అక్కడి మనుషులు ఒప్పుకుంటే తప్ప ఆ దీపం ఎక్కడా వెలిగించకూడదని నాగభూషణం గారు తన చేత్తో రాసి ల్యాబు గోడకు అంటించాడు.

దీపం వెలిగించిన నాటినుంచి కొండ మీద మాత్రం కొన్నాళ్లు మహా గందరగోళం. కాపరానికొచ్చి ఇరవై ఏళ్లయిన ఇల్లాళ్లు పక్కింటి తలుపు తోసి, "మా స్టవ్ ఏదీ?" అని అడిగారు. ఒకాయన మధ్యాహ్నమంతా ఎవరింట్లోనో నిద్రపోయి లేచి, టీ తాగి మరీ వెళ్లాడు. జనం తిట్టుకున్నారు, నవ్వుకున్నారు, పది పదిహేను రోజుల్లో సర్దుకున్నారు.

ఏసోబు సర్దుకోలేదు. గోడ మీద చెయ్యి వేస్తే ఏమీ తెలియడం లేదనేవాడు. పొద్దునా సాయంత్రం సువార్త చెయ్యి పట్టుకునే దిగాడు, ఎక్కాడు. ఒకప్పుడు నోరు మూతపడని మనిషి మెట్ల మీద మాట్లాడడం మానేశాడు. ఒకరోజు సగంలో కూర్చుండిపోయి, "నన్నెవరో కొత్త ఊళ్లో వదిలేసినట్టుందే" అన్నాడు. సువార్త ఆయన పక్కనే కూర్చుంది. ఊరంతా ఆ ఫోటోను మెచ్చుకుంటుంటే, పత్రికలవాళ్లు ఆమె పేరు రాస్తుంటే, ఆమెకు ఆ నీలం రంగు చూడడమే కష్టంగా ఉండేది. నాన్న దగ్గర్నుంచి తను ఏం తీసుకుందో ఆమె రోజూ మెట్ల మీద చూస్తూనే ఉంది.

రెండో నెల గడుస్తుండగా ఒక మధ్యాహ్నం ల్యాబునుంచి తొందరగా వచ్చింది. పొద్దున తను దించి వెళ్లిన టీ కొట్టు దగ్గర నాన్న లేడు. తలెత్తి చూస్తే ముప్పయ్యో మెట్టు దగ్గర ఒక్కడే, గోడ పట్టుకుని ఎక్కుతున్నాడు. చంకలో ఎవరిదో పప్పుల పొట్లం. కేకేస్తే ఉలిక్కిపడి జారతాడేమో! సువార్త చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, మూడు మెట్లు వెనకగా, చప్పుడు కాకుండా నడిచింది. ఆయన ఆగితే ఆగింది. ఒకచోట ఆయన కాలు తడబడితే ఆమె పట్టుకోబోయి ఆగింది. ఆయన ఊపిరి పీల్చుకుని, గోడను ఇంకోసారి తడిమి, మళ్లీ కదిలాడు.

నూట అరవయ్యో మెట్టు దగ్గర ఆగాడు. గుమ్మం మీద చెయ్యి వేశాడు. కాసేపు అట్లాగే ఉండి, తల వంచి లోపలికి వెళ్లి, చాప మీద కూర్చున్నాడు.

అది మస్తానమ్మ ఇల్లు. తమ ఇల్లు ఇంకా ముప్పై మెట్లుంది. ఇంత కష్టపడి ఎక్కి, నాన్న ఇదే మన ఇల్లనుకున్నాడు. సువార్త నోరు తెరవబోయింది. లోపలినుంచి మస్తానమ్మ చూసి, ఏమీ అనవద్దని చెయ్యి ఊపింది. తన ఇంట్లో మనిషికి పెట్టినట్టే కంచం పెట్టి, అన్నం వడ్డించి, చారు పోసింది. ఇది ఎవరిల్లో చెప్పి ఆయన మనసు నొప్పించడం ఆమెకూ ఇష్టం లేదు. ఏసోబు కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాడు. సువార్త గుమ్మం బయట, చెప్పులు చేత పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నిలబడింది.

ఐదో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది.

"చారు బ్రహ్మాండంగా ఉంది మస్తానమ్మా. మా ఇంట్లో ఇట్టా కుదరదు, అందుకే ముందు ఇక్కడ ఆగా" అన్నాడు ఏసోబు. "మా పిల్ల ముప్పయ్యో మెట్టు కాణ్ణుంచి నా వెనకమాలే వస్తోంది, పాపం ఏడుస్తా. దానికీ ఒక కంచం పెట్టు."